ఎదిగే పిల్లలకు సైకిల్: కాలి కొలత నుంచి బేరం దాకా

శ్రీకాకుళంలో ఏ సైకిల్ షాపుకి పిల్లను తీసుకెళ్లినా ముందు వినిపించేది "ఎన్నేళ్లమ్మా పాపకి?" అనే ప్రశ్న. ఎనిమిది అనగానే 20 అంగుళాల సైకిల్ ఒకటి బయటికి వస్తుంది. వెంట వచ్చిన తాతగారో మావయ్యో ఊరుకోరు. "ఎదిగే పిల్ల కదా, 24 తీసీసుకోండి, నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటారు. పాప కాళ్లు ఎంత పొడుగున్నాయో మాత్రం ఎవరూ అడగరు. ఒకే తరగతిలో ఒకే వయసు పిల్లల ఎత్తుల్లో పది సెంటీమీటర్ల తేడా ఉండటం మామూలే. అందుకే వయసు చెప్పి సైకిల్ కొంటే సరిపడటం అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

స్కూలు యూనిఫాం అయితే పొడుగ్గా కుట్టించి లోపలికి మడత వేయించుకోవచ్చు. పెద్ద సైకిల్‌ని అలా మడవలేం. కాళ్లు నేలకు అందని పిల్ల ఆపాల్సి వచ్చినప్పుడల్లా పక్కకు పడుతుంది, నెల తిరక్కుండా సైకిల్ మెట్ల కింద చేరుతుంది. అలాగని ప్రతి ఏడాదీ కొత్తది కొనే స్తోమత ఎంతమందికి ఉంటుంది? ఎదుగుదలకు కావలసిన చోటు సైకిల్లోనే ఉంది, సీటు కింద గొట్టంలో. దాన్ని ఎలా లెక్క చూసుకోవాలో ముందు చెప్తాను. రంగులు, కంపెనీలు, బేరాలు ఆ తర్వాత.

ఇంట్లోనే కాలి కొలత తీయండి

పిల్లను చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. పాదాల మధ్య కాస్త ఎడం ఉండాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఒత్తుకునేంతగా పైకి జరపండి. పుస్తకం ఒక అంచు గోడకు పూర్తిగా ఆనాలి, లేకపోతే అది వాలిపోయి కొలత తప్పుతుంది. పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, నేల నుంచి గీత దాకా కొలవండి. మళ్లీ ఒకసారి తీయండి. రెండు కొలతలకీ సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి తీయండి.

కొలత సెంటీమీటర్లలోనే రాసుకోండి. సైకిల్ సైజు అంగుళాల్లో చెప్తారు కాబట్టి రెండూ కలిసిపోతుంటాయి. కాలు 24 అంగుళాలు వచ్చింది కదా, 24 సైకిల్ సరిపోతుంది అనుకునేవాళ్లున్నారు. 24 అంగుళాలంటే 61 సెంటీమీటర్లు. ఆ కాలికి సాధారణంగా నప్పేది 20 అంగుళాల సైకిల్.

షాపువాళ్లు చెప్పే అంగుళాలు చక్రానివి. అయినా వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో అవి చెప్తాయి. కాలి కొలత 45 నుంచి 55 సెంటీమీటర్ల మధ్య ఉంటే 16 అంగుళాలు, 55 నుంచి 64 మధ్య ఉంటే 20, 63 నుంచి 72 మధ్య ఉంటే 24, 72 దాటితే 26. ఇంకా చిన్నపిల్లలకు 12, 14 ఉంటాయి. ఇవన్నీ ఉజ్జాయింపు హద్దులు, ఒకదాని మీదికొకటి వస్తాయి. ఎందుకంటే రెండు కంపెనీల 20 అంగుళాల సైకిళ్లు పక్కపక్కన పెడితే చక్రాలు ఒకటే అయినా సీటు ఎత్తులో తేడా వస్తుంది. మీ పిల్ల కూర్చునేది చక్రం మీద కాదు కదా.

సీటు కనిష్ఠ ఎత్తు, గరిష్ఠ ఎత్తు

షాపుకి టేపు పట్టుకెళ్లండి. నచ్చిన సైకిల్ సీటుని పూర్తిగా కిందికి దింపమని, నేల నుంచి సీటు పైభాగం దాకా కొలవండి. తర్వాత సీటుని పైకి లేపించండి. సీటు గొట్టం మీద అడ్డంగా ఒక గీత, పక్కన చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. ఆ గీత ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి. అది బయటికి కనిపించేదాకా లేపితే గొట్టం వంగడమో, ఫ్రేము చీలడమో జరుగుతుంది. గీత మునిగి ఉండేలా ఎంత పైకి వస్తుందో అక్కడ మళ్లీ కొలవండి.

ఇప్పుడు లెక్క. ఇంకా నేర్చుకోని పిల్లకి రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. అంటే సీటు ఎత్తు కాలి కొలత కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. తొక్కడం వచ్చిన పిల్లకి రెండు పాదాల ముందు భాగం ఆనితే చాలు. అందుకు సీటు కాలి కొలత కంటే ఐదు సెంటీమీటర్ల దాకా ఎక్కువ ఉండొచ్చు. బాగా అలవాటయ్యాక ఇంకాస్త లేపుకోవచ్చు.

పిల్లలు ఐదేళ్లు దాటాక, పెద్దమనిషయ్యే వయసు దాకా, ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. అందులో సుమారు సగం కాళ్లలో వస్తుంది. అంటే కాలి కొలత ఏడాదికి రెండున్నర, మూడు సెంటీమీటర్లు పెరుగుతుందన్నమాట.

పాప కాలు 58 సెంటీమీటర్లు అనుకుందాం. షాపులో రెండు 20 అంగుళాల సైకిళ్లున్నాయి. ఒకదాని సీటు 56 నుంచి 68 దాకా కదులుతుంది, రెండోది 62 నుంచి 74 దాకా. పాప ఇంకా నేర్చుకోవాల్సి ఉంటే మొదటిదే గతి, రెండోదాని మీద పాదాలు పూర్తిగా ఆనవు. పాపకి తొక్కడం వచ్చేసి ఉంటే ఈరోజు కావలసిన ఎత్తు 63. మొదటిదానిలో ఇక మిగిలింది ఐదు సెంటీమీటర్లే, రెండేళ్లలోపే అయిపోతుంది. రెండోదానిలో పదకొండు మిగులుతుంది, అంటే ఇంచుమించు నాలుగేళ్లు. చివరి ఏడాది హ్యాండిల్ ఇరుకనిపించవచ్చు, అది వేరే సంగతి. రెండూ 20 అంగుళాలవే, ధర కూడా ఒకటే కావచ్చు, కానీ మన్నేది రెండోది. కాబట్టి చూడాల్సింది, ఈరోజు పిల్లకి కావలసిన ఎత్తు ఆ సైకిల్ సీటు కనిష్ఠానికి దగ్గర్లో పడుతుందా అని. నడిమధ్యలో పడితే సగం ఎదుగుదల ముందే ఖర్చయిపోయినట్టు. కనిష్ఠం కంటే కిందికి పడితే ఆ సైకిల్ పెద్దది, ఎవరు ఏమన్నా వద్దు.

పది పదకొండేళ్ల ఆడపిల్లల విషయంలో ఈ లెక్కని కొంచెం మార్చుకోవాలి. ఆ వయసులో ఎదుగుదల ఒక్కసారిగా ఊపందుకుంటుంది, ఏడాదిలో ఎనిమిది సెంటీమీటర్లు పెరిగే పిల్లలుంటారు. మగపిల్లలకి ఇదే ఓ రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆ దశ దగ్గరపడితే 24 కొనేముందు, సీటు బాగా కిందికి దిగే 26 ఏదైనా ఉందేమో చూడండి. సీటు పూర్తిగా దింపినప్పుడు పాదం నేలకు అందితే అదే తీసుకోండి.

కొన్ని సైకిళ్లకి సీటు గొట్టమే పొట్టిగా ఇస్తారు. అదే మందంలో పొడుగు గొట్టం విడిగా దొరుకుతుంది, పెద్ద ఖర్చేం కాదు. పాత గొట్టం పట్టుకెళ్లి మందం సరిచూసుకోండి. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా సీటు జారుతుంది.

షాపులో ఎక్కించి చూడండి

పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇద్దామనే ఆలోచన సైకిల్ విషయంలో మానుకోండి. పిల్ల షాపుకి రావాల్సిందే, బడికి వేసుకునే చెప్పులతో, మామూలు బట్టలతో.

సీటు ముందుకు దిగి, ఫ్రేము పైగొట్టానికి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడినప్పుడు గొట్టానికీ ఒంటికీ మధ్య మూడు వేళ్ల సందు ఉండాలి. జారి పడినప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. పైగొట్టం కిందికి వంగిన ఫ్రేము అయితే ఈ గొడవే లేదు. దాన్ని లేడీస్ సైకిల్ అని పిలిచి మగపిల్లాడికి అయిష్టం కలిగించకండి, చిన్న పిల్లలందరికీ అదే సుళువు.

సీటు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కాస్త వంగి ఉండాలి. చేతులు కర్రల్లా చాచి ముందుకు వాలాల్సి వస్తే సైకిల్ పొడుగెక్కువ. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, మోకాళ్లకు తగులుతుందేమో చూడండి.

తర్వాత బ్రేకు. నా దృష్టిలో షాపులో చేయాల్సిన పరీక్షల్లో ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. పెద్దవాళ్లం మనం నొక్కి "బాగానే ఉంది" అనేస్తాం. నొక్కాల్సింది పిల్ల. హ్యాండిల్ మీంచి చెయ్యి తీయకుండా వేళ్లు బ్రేకు లివరుకి అందాలి, రెండు వేళ్లతో నొక్కితే చక్రం ఆగాలి. వేళ్లు అందకపోతే లివరు మీద చిన్న స్క్రూ ఉందేమో చూడండి. దాన్ని తిప్పితే లివరు హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. స్క్రూ లేక, చెయ్యి అందకపోతే ఆ సైకిల్ పక్కన పెట్టేయండి. మన ఊళ్లో పొద్దున్న బడి వేళకి ఏడు రోడ్ల కూడలి ఎలా ఉంటుందో తెలుసు కదా.

చివరగా పిల్లే సైకిల్ని నడిపించుకుంటూ నాలుగడుగులు వేసి, వెనక్కి తిప్పి, స్టాండు వేయాలి. మామూలు ఇనప ఫ్రేము 20 అంగుళాల సైకిల్ పన్నెండు కిలోలకి తగ్గదు, ఎనిమిదేళ్ల పిల్ల బరువులో ఇంచుమించు సగం. పడిపోతే తనంతట తను లేపుకోగలగాలి.

డబ్బు దేనికి పెట్టాలి, దేనికి వద్దు

పిల్లలు అడిగేవి తెలిసినవే: లావు టైర్లు, ముందు షాకర్లు, డిస్క్ బ్రేకులు, గేర్లు. పక్కింటి బాబుకి ఉన్నవి. పది వేల లోపు సైకిల్లో ఇవన్నీ ఉన్నాయంటే, ఆ డబ్బు బేరింగుల నుంచీ బ్రేకుల నుంచీ కోసి వీటికి పెట్టారని అర్థం. చవక షాకరు బరువు పెంచుతుంది, పాతిక కిలోల పిల్ల కింద అది సరిగ్గా కదలదు. లావు టైరు తొక్కడానికి బరువు. డిస్క్ పళ్లెం ఒక్కసారి వంగితే గీసుకుంటూ తిరుగుతుంది. గేర్ల విషయం కూడా అంతే. శ్రీకాకుళం ఊరు దాదాపు చదును నేల, ఎక్కాల్సిన ఎత్తులు లేవు. వెనక గేరు యంత్రం కుడిపక్కకు వేలాడుతుంటుంది కాబట్టి, సైకిల్ అటు పడినప్పుడల్లా అది లోపలికి వంగుతుంది. 24 అంగుళాల లోపు సైకిల్‌కి గేర్లు వద్దనే అంటాను.

పెట్టాల్సింది వేటికంటే, ముందు అల్యూమినియం రిమ్ములకి. మెరిసే ఇనప రిమ్ము వాన తడికి నున్నగా జారుతుంది, బ్రేకు రబ్బరు పట్టదు. జూన్ నుంచి నవంబరు దాకా వానలు చూసే మన జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. గుర్తుపట్టడానికి ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. అతుక్కుంటే ఇనుము, జారిపోతే అల్యూమినియం. గార, శ్రీకూర్మం, కళింగపట్నం వైపు ఉండేవాళ్లకి ఉప్పుగాలి వల్ల ఇది మరీ అవసరం. దాని తర్వాత నిండు చెయిన్ కవరు, చున్నీ గానీ ప్యాంటు అంచు గానీ చిక్కుకోకుండా. మడ్‌గార్డులు, పుస్తకాల సంచికి గట్టి క్యారియరు, ముందు తెల్ల, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, బెల్లు.

కంపెనీ పేరు గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు. హీరో, ఏవన్ లూధియానావి, బీఎస్ఏ, హెర్క్యులెస్ చెన్నై టీఐ సైకిల్స్‌వి. సాదా మోడళ్లలో చాలా భాగాలు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి, వీధి చివర పంక్చర్ షాపులో కూడా బాగుచేస్తారు. విశాఖ వెళ్లి పెద్ద షోరూములో కొంటే ఎంపిక ఎక్కువ, నిజమే. కానీ ఆ మోడల్‌కే ప్రత్యేకమైన భాగం పోతే వంద కిలోమీటర్లు పైనే మోసుకెళ్లాలి.

బేరం, బిల్లు

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. షాపులో పాత స్టిక్కరున్న సరుకు ఉంటే ఈ మాట గుర్తుచేయండి. పాత పన్నుతో 6,000 పడే సైకిల్ కొత్త పన్నుతో 5,625 అవుతుంది. ఆ 375 బేరంలో తగ్గింపు కింద చూపిస్తే ఒప్పుకోకండి, అది మీకు రావాల్సిందే.

ఫిట్టింగు చార్జీ, స్టాండు, బుట్ట, తాళం కలిపే ధర చెప్పమనండి. నెల తర్వాత ఒకసారి ఉచితంగా బిగించి ఇస్తారా అని అడగండి. ఆన్‌లైన్లో చవగ్గా కనిపించే సైకిల్ సగం విప్పి పెట్టెలో వస్తుంది, బిగించే కూలీ మీదే. బిగింపు తెలియనివాళ్లు ముందు ఫోర్కుని, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే గొట్టాన్ని, వెనక్కి తిప్పి బిగించేస్తుంటారు. రిమ్ముని పట్టే బ్రేకు ఫోర్కుకి ముందువైపు ఉండాలని గుర్తుంచుకుంటే చూసిన వెంటనే పట్టేయొచ్చు. బిల్లు మీద ఫ్రేము నంబరు రాయించుకోండి, దొంగతనం జరిగితే అదే ఆధారం.

సెకండ్‌హ్యాండ్ అయితే

పిల్లల సైకిళ్లు అరగకముందే చిన్నవైపోతాయి కాబట్టి వాడినవి కొనడం తెలివైన పనే. జూన్లో బడులు తెరిచే ముందు అందరూ కొంటారు. ఏప్రిల్ ఆఖర్లో అడిగితే బేరం బాగా కుదురుతుంది. బంధువుల్లో, మీ వీధిలో, పంక్చర్ షాపువాళ్ల దగ్గర ముందు వాకబు చేయండి. ఎవరి పిల్ల ఏ సైకిల్ వదిలేసిందో వాళ్లకే బాగా తెలుస్తుంది. చాలా ఇళ్లలో అక్కకి ప్రభుత్వ బడికొస్తా పథకం కింద వచ్చిన సైకిల్ ఇంకా మూలన ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకని ఇచ్చినవి కాబట్టి చిన్న పిల్లలకు పనికిరావు. చెల్లెలు ఇప్పుడు ఆ వయసుకొస్తే మాత్రం, కొత్తది కొనేముందు దాని సీటు కొలిచి చూడండి.

పరీక్ష ఇలా చేయండి. ముందు ఫ్రేము. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే అతుకుల దగ్గర రంగు ముడతలు పడి ఉంటే ఆ సైకిల్ దేన్నో గట్టిగా గుద్దింది. అలాంటిది ఎంత చవకైనా వదిలేయండి. ఫోర్కుని పక్కనుంచి చూస్తే వెనక్కి వంగినట్టుంటే కూడా అంతే. మిగతావన్నీ బాగుచేయించుకోవచ్చు.

చక్రాన్ని లేపి తిప్పండి. బ్రేకు రబ్బర్ల మధ్య రిమ్ము ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగితే బెండు తీయించవచ్చు. రిమ్ము పట్టుకుని పక్కకు కదిపితే లోపల లూజుగా టకటకమంటే బేరింగు పని ఉంది. పెడల్ చేతిని పట్టుకుని కూడా అలాగే కదపండి. టైరు పక్కల్లో సన్నని పగుళ్లు ఉంటే గాలి నిలిచినా ఆ టైరు మార్చాల్సిందే.

చెయిన్ అరిగిందో లేదో టేపుతో తెలుస్తుంది. ఏదైనా ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 లంకెలు లెక్కపెట్టి ఆఖరి పిన్ను మధ్య దాకా కొలవండి. కొత్త చెయిన్ సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. 12 అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే చెయిన్ అయిపోయినట్టే.

రెండు టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, వైర్లు, చెయిన్ మార్చాల్సి వస్తే పదిహేను వందలు తేలిగ్గా దాటుతుంది. అడిగిన ధరకి ఆ ఖర్చు కలిపి, మొత్తం కొత్తదాని ధరలో సగం దాటితే నేనైతే కొనను. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్లో మూతపడింది కదా, భాగాలెక్కడ దొరుకుతాయి అని కొందరికి భయం. సాదా అట్లాస్‌కి మామూలు భాగాలే సరిపోతాయి, టెన్షన్ అక్కర్లేదు. అసలు బిల్లు గానీ, అమ్మేవాళ్ల ఇల్లు గానీ తెలియని సైకిల్ మాత్రం ముట్టుకోకండి.

నేర్పేటప్పుడు

పక్క చక్రాలు పెట్టిస్తే పిల్ల తొక్కడం నేర్చుకుంటుంది, బ్యాలెన్స్ కాదు. వాటి బదులు పెడల్సే విప్పేయండి. 15 నంబరు పానా పడుతుంది. కుడి పెడల్ మామూలుగానే విప్పుకుంటుంది, ఎడమది మాత్రం తిరగమర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలం పెట్టి మరలు పాడుచేసేవాళ్లు ఎక్కువ. సీటు దింపేసి, పాదాలతో తోసుకుంటూ జారమనండి. కాళ్లు పైకెత్తి కొంత దూరం జారగలిగాక పెడల్స్ బిగించండి. ఆదివారం పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటి ఖాళీ చోటు చాలు. హెల్మెట్ కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో, అడ్డంగా కూర్చోవాలి, వెనక్కి వాలకూడదు. హెల్మెట్ మాత్రం వాడినది కొనకండి, లోపల నొక్కుకుపోయి ఉంటే పైకి తెలియదు.

ఇంటికొచ్చాక

కొత్త సైకిల్ బ్రేకు వైర్లు మొదటి వారాల్లో సాగుతాయి, ఊచలు కొద్దిగా వదులవుతాయి. నెలకి బిగించి ఇస్తామన్న షాపువాళ్ల మాట అప్పుడే వాడుకోవాలి. టైర్లో గాలి ఎంత ఉండాలో టైరు పక్కన అచ్చు వేసే ఉంటుంది. తడిస్తే గుడ్డతో తుడిచి, చెయిన్‌కి కుట్టుమిషను నూనె రాసి, పైన మిగిలినదాన్ని తుడిచేయండి. కొబ్బరి నూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది.

సంక్రాంతికి, వేసవి సెలవులకి, దసరాకి, ఏడాదికి మూడుసార్లు గోడ మీద కాలి కొలత మళ్లీ తీయండి. పెరిగినంత మేరకు సీటు లేపండి, ఒకేసారి రెండు సెంటీమీటర్లకి మించకుండా. హ్యాండిల్ కూడా లేస్తుందేమో చూడండి, దాని గొట్టం మీద కూడా అలాంటి గీతే ఉంటుంది. సీటు గీత దగ్గరికి వచ్చేసి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కూడా మోకాలు బాగా వంగుతుంటే ఆ సైకిల్ పని అయిపోయింది. వెనక తమ్ముడో చెల్లెలో లేకపోతే మార్చి, ఏప్రిల్లోనే పంక్చర్ షాపులో చెప్పి పెట్టండి. అసలు బిల్లు, మార్చి తీసిన పాత సీటు గొట్టం దగ్గరుంచుకుంటే కొనేవాళ్లు ధర తగ్గించడానికి వెనకాడతారు.